ముందు డ్రిల్, తర్వాత విహారం
(ఓడ ప్రయాణానికి వెళ్ళదలచిన వారికి కొన్ని సూచనలు – కామ్‌రేజ్‌లో జరిగిన మన సంఘం వార్షిక కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. పెరేడ్ గ్రౌండులో అరవడం తెలుసు గానీ మైకు ముందు మాట్లాడటం తెలీదు. మన సంఘం నుంచి ఓ పదిహేను జంటలు వచ్చే చలికాలంలో క్రూయిజుకి, అంటే ఓడ విహారానికి, వెళ్దామనుకుంటున్నాయి. నేనూ మా ఇంటావిడా పోయినేడాది వెళ్ళొచ్చాం కదా, ఏం తీసుకెళ్ళాలి, ఏం జాగ్రత్త పడాలి చెప్పండి సూబేదార్ సాబ్ అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ఆర్డర్ ఈజ్ ఆర్డర్. అందుకని నిలబడ్డాను. నాకు తెలిసిన మంచి విషయాలతో పాటు నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెబుతాను. అది చివర్లో చెబుతాను. అసలు ఈ ప్రసంగం దాని కోసమే అనుకోండి.

మనం ఉంటున్న ఈ కామ్‌రేజ్ పక్కనుంచి పారే తాపీ నది సూరత్ దాటి సముద్రంలో కలుస్తుంది. ఇంగ్లీషువాళ్ళ హెక్టర్ ఓడ 1608లో వచ్చింది ఈ సూరత్‌కే. ఒకప్పుడు హజ్ యాత్రికులు ఓడలెక్కింది కూడా ఇక్కడి నుంచే. అంత చరిత్ర ఉన్న రేవు పక్కన ఉంటూ కూడా మనలో చాలామంది ఓడ ఎక్కలేదు. మన జీవితమంతా రైల్లో మిలిటరీ కోటా, కింద ట్రంకు పెట్టె, పైన హోల్డాల్. ఓడ అనేసరికి ఒక బెరుకు. ఆ బెరుకు పోవాలంటే ముందుగా చిన్న ప్రయాణం చేయండి. ఇదే నా మొదటి సూచన.

హజీరా నుంచి భావనగర్ దగ్గర ఘోఘాకి రో-రో ఫెర్రీ ఉంది. 2020 నవంబరు 8న మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్లు తిరిగి వెళ్ళాల్సిన దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లే. పది పన్నెండు గంటల ప్రయాణం సుమారు నాలుగు గంటలకి దిగింది. లారీలు, కార్లు, మోటార్ సైకిళ్ళు అన్నీ దాని కడుపులోకి ఎక్కిపోతాయి. మన వీధిలో ఉండే సౌరాష్ట్ర వాళ్ళకి ఇది బస్సెక్కినంత మామూలు. క్రూయిజు మీద వేల రూపాయలు పెట్టే ముందు భార్యాభర్తలిద్దరూ ఒకసారి ఈ ఫెర్రీ ఎక్కి ఘోఘా వెళ్ళి రండి. సముద్రం మీకు పడుతుందో లేదో ఆ నాలుగు గంటల్లో కొంత తెలిసిపోతుంది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్లు చాలా ఎక్కువ కాబట్టి బయల్దేరే ముందు ఆ రోజు వేళలు కనుక్కోండి. మన ఫౌజీ భాషలో చెప్పాలంటే ఇది రిహార్సల్.

రెండోది, ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి. అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానగాలులకి ఉగ్రంగా ఉంటుంది. మనకి అక్టోబరు తర్వాతే మంచిది. అందులోనూ డిసెంబరు నుంచి మార్చి వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. బంగాళాఖాతం వైపు వెళ్ళేవాళ్ళు అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు వస్తాయని గుర్తుంచుకోవాలి. తుపాను వస్తే ఓడ దారి మార్చేస్తుంది, ఒక్కోసారి ఒక రేవు వదిలేస్తుంది. దానికి కెప్టెన్‌తో గొడవ పెట్టుకోకండి. ఓడలో అతనే సీఓ సాబ్. మన ప్రాణాలకి అతనే జవాబుదారీ.

సూరత్ వాళ్ళకి దగ్గర రేవు ముంబై. అక్కడ బల్లార్డ్ పియర్ దగ్గర క్రూయిజు టెర్మినల్ ఉంది. గోవాకి, కొచ్చికి, లక్షద్వీప్‌కి వెళ్ళే ఓడలు సీజన్లో అక్కడి నుంచి బయల్దేరతాయి. మన సొంత రాష్ట్రంలో విశాఖపట్నం రేవులో కూడా క్రూయిజు టెర్మినల్ కట్టారు, 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అంతకు ముందే 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ఒక క్రూయిజు ఓడ తిరిగింది. ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి నుంచి ఓడలు ఉన్నాయేమో అడిగి చూడండి. బంధువుల్ని చూసినట్టూ ఉంటుంది, ఓడ ఎక్కినట్టూ ఉంటుంది.

మూడోది డబ్బు. ప్రకటనలో పెద్దక్షరాలతో వేసే ధర సాధారణంగా ఒక మనిషికి, అదీ ఒక గదిలో ఇద్దరు ఉంటే. దాని మీద పోర్టు చార్జీలు, పన్ను, కొన్ని ఓడల్లో సిబ్బందికి ఇచ్చే టిప్పు కలుస్తాయి. ఓడ దిగి ఊరు చూడటానికి బస్సు వేరే. కొన్ని హోటళ్ళు టికెట్లో కలిసి ఉంటాయి, కొన్ని ఉండవు. ఓడలో నగదు చెల్లదు. మీ గది తాళం కార్డే మీ పర్సు. అది గీకినప్పుడల్లా ఖాతాలో రాస్తారు. చివరి రోజు బిల్లు చూసి గుండె పట్టుకోకుండా రోజూ ఒకసారి రిసెప్షన్‌లో లెక్క అడగండి. మెస్ బిల్లు నెలాఖరుకి చూసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. టికెట్ రద్దు చేస్తే ఎంత తిరిగి ఇస్తారో డబ్బు కట్టక ముందే కాగితం మీద తీసుకోండి.

గది విషయం. కిటికీ లేని లోపలి గది చవక. కానీ ఓడ పడనివాళ్ళు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది అడగాలి. ఉయ్యాల మధ్యలో ఊపు తక్కువ, చివర ఎక్కువ. ఓడా అంతే. పై అంతస్తులో, ముందు భాగంలో ఊపు ఎక్కువ. వెనక భాగంలో ఇంజను అదురు తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు లిఫ్టుకి, మెట్లకి రెండింటికీ దగ్గరగా అడగండి. మెట్లు ఎందుకన్నానో తర్వాత తెలుస్తుంది.

నాలుగోది కాగితాలు. మన దేశం రేవుల మధ్య తిరిగే ఓడకి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ కావాలి. ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఏదో ఒకటి. పిల్లలకి కూడా కావాలి. ఎక్స్ సర్వీస్‌మన్ కార్డు జేబులో ఉంచుకోండి కానీ దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి. లక్షద్వీప్‌లో దిగాలంటే మనకీ ప్రవేశ అనుమతి కావాలి. దాని సంగతి ఓడ కంపెనీ చూస్తుందా, మనం చూసుకోవాలా అన్నది బుకింగ్ అప్పుడే తేల్చుకోండి. విదేశానికి వెళ్ళే ఓడకి పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. సింగపూర్ నుంచి ఓడెక్కి మలేషియా చూసి మళ్ళీ సింగపూర్‌లో దిగుతారనుకోండి, సింగపూర్‌లోకి మీరు రెండుసార్లు ప్రవేశించినట్టు. వీసా దానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలు విదేశీ ప్రయాణానికి యూనిట్ నుంచి అనుమతి, దానికి తగిన సెలవు మంజూరు చేయించుకోకుండా టికెట్ కొనొద్దు. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ గడువు చూసుకుని బయల్దేరండి.

అయిదోది ఆరోగ్యం. మన ఈసీహెచ్‌ఎస్ కార్డు ఓడ డాక్టరు దగ్గర చెల్లదు. ఓడలో ఆస్పత్రి ఉంటుంది, డాక్టరు ఉంటారు, కానీ ఫీజు గట్టిగా ఉంటుంది. అందుకని ప్రయాణ బీమా తీసుకోండి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. దాచితే రేపు క్లెయిము ఇవ్వరు. మందులు ప్రయాణానికి కావలసినవి, ఇంకో నాలుగైదు రోజులకి ఎక్కువగా, డాక్టరు చీటీతో సహా తీసుకోండి. మందుల్ని పెద్ద సూట్‌కేసులో పెట్టకండి. పెద్ద సామాను మీ గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. చేతి సంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ తీసుకునే వాళ్ళు గదిలో ఫ్రిజ్ ఉందా అని ముందే అడగండి.

వాంతులు, తల తిరుగుడు గురించి అందరికీ భయం. నేను సర్వీసులో ఉండగా చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడలో వెళ్ళాను. ఇప్పుడు ఆ ఊరికి శ్రీ విజయపురం అని 2024లో పేరు మార్చారు. ఎమ్.వి. నికోబార్, నాంకౌరి, స్వరాజ్ ద్వీప్ లాంటి ఓడలు ఆ దారిలో నడిచేవి. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. కార్గిల్ మంచులో తిరిగి వచ్చిన జవాన్లు కూడా మొదటి రోజు బక్కెట్టు పట్టుకుని కూర్చున్నారు. ఇందులో సిగ్గు లేదు, అది చెవి లోపలి తూకానికి సంబంధించిన విషయం. కడుపు ఖాళీగా ఉంచకండి, నిండుగానూ ఉంచకండి. పైకి వెళ్ళి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని చూస్తూ ఉండండి. ఫోనులోకి, పుస్తకంలోకి చూడకండి. అల్లం ముక్క కొందరికి పని చేస్తుంది. మాత్ర వేసుకోవాలంటే ముందుగానే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే నిలవదు. ఆ మాత్రలతో మగత వస్తుంది కాబట్టి వయసు మీద పడినవాళ్ళు, వేరే మందులు వాడేవాళ్ళు ఇంటి డాక్టర్ని అడిగే వేసుకోండి.

ఇంకో సంగతి చేతులు కడుక్కోవడం. ఒకే లంగరులో వేలమంది తిన్నట్టే కదా. వాంతులు విరేచనాల వైరస్ ఓడలో ఒకరికి వస్తే తొందరగా పాకుతుంది. సీసాలోని శానిటైజరు దానికి సరిగ్గా పని చేయదు. సబ్బూ నీళ్ళే వాడాలి.

ఆరోది సామాను. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, అగరొత్తులు, దీపం, అగ్గిపెట్టె – ఏవీ రానివ్వరు. ఓడకి నీళ్ళ కంటే నిప్పు పెద్ద శత్రువు. మన క్యాంటీన్ సీసా సంచిలో పెట్టుకొస్తే ఎక్స్‌రే మిషను దగ్గరే ఆగిపోతుంది, నవ్వకండి, మా బ్యాచ్‌లో ఒకాయనది ఆగింది. ఇంట్లో వండిన పులిహోర, ఆవకాయ కూడా చాలా ఓడల్లో రానివ్వరు. సింగపూర్, దుబాయ్ వైపు వెళ్ళే అక్కచెల్లెళ్ళు మసాలా డబ్బాలో గసగసాలు ఉన్నాయేమో చూసుకోండి. అక్కడ అవి నిషిద్ధం, కేసు పెడతారు. జారని చెప్పులు తీసుకోండి, డెక్కు తడిగా ఉంటుంది. రాత్రి డెక్కు మీద గాలికి స్వెట్టరు కావాలి.

ఫోను గురించి ఒక మాట. ఒడ్డు కనబడకుండా పోయాక మన సిగ్నల్ పోతుంది. ఓడలో వేరే నెట్‌వర్క్ తగులుకుంటుంది, అది చాలా ఖరీదు. ఓడ కదలగానే ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఫలానా రోజు దాకా ఫోను రాదు, కంగారు పడొద్దని ఊళ్ళో అమ్మానాన్నలకి ముందే చెప్పండి.

ఏడోది సమయం. ఇది ఫౌజీలకి చెప్పనక్కర్లేదు గానీ ఇంట్లోవాళ్ళకి చెబుతున్నాను. ముంబైకి ఒక రోజు ముందే చేరండి. రైలు మీద నాలుగైదు గంటలే కదా అని అదే రోజు బయల్దేరితే, ఒక్క సిగ్నల్ దగ్గర రైలు ఆగిందంటే మీ సెలవంతా పోయినట్టే. మధ్యలో ఏదైనా రేవులో ఊరు చూడటానికి దిగినప్పుడు, తిరిగి ఎక్కాల్సిన సమయం గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. దానికి గంట ముందే వచ్చేయండి. రైలు గార్డు జాలిపడి ఆపుతాడేమో గానీ ఓడ ఆగదు. ఆగితే రేవుకి అద్దె, వెనక వచ్చే ఓడకి ఇబ్బంది. దీవుల దగ్గర కొన్నిచోట్ల పెద్ద ఓడ ఒడ్డుకి రాదు, చిన్న బోట్లలోకి దించుతారు. అలలకి ఆ బోటు పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. మోకాళ్ళు బాగాలేని మా ఆవిడ ఒకసారి చూసి, నేను రానండీ, మీరు వెళ్ళి రండి అంది. నేనూ ఆగిపోయాను. అలాంటిచోట పంతం పనికిరాదు.

ఇక నా తప్పు సంగతి.

ఓడ ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎక్కడ చేరాలో ఆ చోటికి ప్రతి ప్రయాణికుడూ వెళ్ళాలి. ఆ చోటు అక్షరమో నంబరో మీ కార్డు మీదే అచ్చేసి ఉంటుంది. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఆ తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే అది ఎమర్జెన్సీ అని చెబుతారు. నేను వెళ్ళాను, కార్డు గీకించుకున్నాను. అంతే. ఇరవై ఎనిమిదేళ్ళు రిక్రూట్లకి డ్రిల్ నేర్పినవాణ్ణి, నాకీ కుర్రాళ్ళు చెప్పేదేముంది అనుకున్నాను. వాళ్ళు చూపిస్తుంటే పక్కనున్న ఆయనకి నా పోర్ట్‌బ్లెయిర్ కథలు చెబుతూ నిలబడ్డాను. మా ఆవిడ వింటూ ఉంటే ఆమెని కూడా, పదవే, టీ తాగుదాం అని లాక్కొచ్చాను.

రెండో రాత్రి రెండు గంటలు దాటాక ఆ కూత మోగింది. గాఢ నిద్ర. లేచాను. మా ఆవిడ కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో దొరకలేదు. లైఫ్ జాకెట్ అల్మరాలో పై అరలోనా, మంచం కిందా అన్నది నాకు తెలీదు. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి వచ్చి, మేము ఓడ ఎక్కిన తలుపు వైపు, అంటే కింది అంతస్తుకి, మెట్లు దిగడం మొదలుపెట్టాను. మాకు తెలిసిన దారి అదొక్కటే. ఎక్కిన దారే దిగే దారి అని మనసు చెప్పింది. మేము చేరాల్సిన చోటు రెండు అంతస్తులు పైన ఉంది. నేను భార్యని తిన్నగా నీళ్ళ వైపు తీసుకెళ్తున్నాను.

మెట్ల మలుపులో ఒక కుర్రాడు, మా చిన్నవాడి వయసుంటుంది, మా ముఖాల మీద టార్చి వేయలేదు, నా కార్డు మీద వేశాడు. సాబ్, ఇధర్ నహీ, ఊపర్ అన్నాడు. మా ఆవిడ మోకాళ్ళు చూసి, ఒక చేత్తో ఆమె భుజం కింద పట్టుకుని పైకి ఎక్కించాడు. పైన వందలమంది కూర్చుని ఉన్నారు. పేర్లు పిలుస్తున్నారు, అచ్చం మన రోల్ కాల్ లాగా. అందులో మా పేర్లు రెండుసార్లు పిలిచి, లేరని రాసుకున్నారట. మా కోసం మనిషిని కిందికి పంపారట. ఒక దుకాణం వెనక గదిలో పొగ వచ్చింది, అరగంటలో ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. అది దేవుడి దయ. నా తెలివి కాదు.

గదికి తిరిగొచ్చాక మా ఆవిడ నన్ను తిట్టలేదు. మీరు రిక్రూట్లకి చెప్పిందంతా వాళ్ళకే అనుకున్నారు, అంది. ఆ మాటతో తెల్లారేదాకా నాకు నిద్ర పట్టలేదు. యుద్ధరంగంలో నా మీద నమ్మకంతో జవాన్లు నడిచారు. ఆ రాత్రి కూడా నా మీద నమ్మకంతో ఒక మనిషి నా వెనక నడిచింది. నేను దారి తెలుసుకోలేదు.

ఇది నా ఒక్కడి గర్వం సంగతే అయితే ఇక్కడ చెప్పేవాణ్ణి కాదు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకార్డియా అనే పెద్ద ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. నాలుగు వేల మందికి పైగా ఉన్నారు, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఎక్కిన వందల మందికి డ్రిల్ ఇంకా జరగలేదు, మర్నాడు పెడదామనుకున్నారు. అప్పట్లో ఎక్కిన 24 గంటల్లోపు పెడితే చాలన్నది నియమం. ఆ తర్వాత నియమం మార్చారు. 2015 నుంచి ఓడ కదిలే ముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ జరగాల్సిందే. అంటే మనం విసుక్కునే ఆ అరగంట వెనక ప్రాణాలు ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మన గోదావరి చూడండి. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడటానికి గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి వరద మీద ఉంది. డెబ్బై మందికి పైగా ఎక్కితే బతికి బయటపడింది ఇరవై ఆరుగురే. వాళ్ళని దగ్గర ఊళ్ళ జనం తమ పడవల్లో వచ్చి ఒడ్డుకి చేర్చారు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న ఆ బోటుని బయటికి తీసే దాకా ఎన్నో కుటుంబాలు ఒడ్డునే ఎదురు చూశాయి. వాళ్ళూ మనలాగే పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం సరదాగా గడుపుదామని వెళ్ళినవాళ్ళే. అందుకని పెద్ద ఓడైనా, చిన్న బోటైనా, వరద ఉన్నప్పుడు, జనం ఎక్కువైనప్పుడు, లైఫ్ జాకెట్ ఇవ్వనప్పుడు ఎక్కకండి. టికెట్ డబ్బు పోతే పోనివ్వండి.

కాబట్టి ఓడ ఎక్కిన మొదటి గంటలో చేయాల్సింది చెబుతాను, పిల్లలు రాసుకోండి. ఒకటి, డ్రిల్ పూర్తిగా వినండి. రెండు, మీ గది నుంచి చేరాల్సిన చోటికి మెట్ల మీదుగా ఒకసారి నడిచి చూడండి, ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టండి. ప్రమాదంలో లిఫ్టు వాడకూడదు. మూడు, లైఫ్ జాకెట్ ఎక్కడుందో చేత్తో తాకి చూడండి. నాలుగు, కళ్ళజోడు, మందులు, కార్డు, చిన్న టార్చి ఒక సంచిలో వేసి దిండు పక్కన పెట్టుకుని పడుకోండి. అయిదు, నడవలేని వాళ్ళు ఉంటే రిసెప్షన్‌లో ముందే పేరు రాయించండి, సాయానికి మనిషిని కేటాయిస్తారు. ఈ అయిదూ అయ్యాక స్విమ్మింగ్ పూల్, పాటలు, భోజనాలు, మీ ఇష్టం.

మన పదిహేను జంటలూ వెళ్ళేటప్పుడు ఒక నామినల్ రోల్ తయారు చేద్దాం. పేరు, గది నంబరు, చేరాల్సిన చోటు, వాడే మందులు, ఇంటి దగ్గర ఫోను. ఒక కాపీ గ్రూపు లీడరు దగ్గర, ఒక కాపీ ఇక్కడ కామ్‌రేజ్‌లో కార్యదర్శి గారి దగ్గర. లీడరుగా నన్ను పెట్టమని అడగను, ఎందుకో మీకు తెలిసింది. మా ఆవిడని పెట్టండి.

ర్యాంకులు, మెడల్స్, అనుభవం – అన్నీ ఓడ మెట్ల దగ్గర దింపేసి, రిక్రూట్‌లాగా ఎక్కండి. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.

జై హింద్.